బావమరిది నడిచిన నా నడక

మార్చి 6

ఇవాళ్టి నుంచి నాకు రెండు పుస్తకాలు. ఒకటి మెడికల్ కాలేజీ వాళ్ళిచ్చింది. నీలం అట్ట, లోపలంతా గళ్ళు: ఏం తిన్నారు, ఎంత నడిచారు, కడుపు ఎలా ఉంది. అది వాళ్ళ కోసం. రెండోది ఇది. దీన్ని షాపులో స్ప్రింగుల సొరుగులో పెడతాను. మా ఆవిడ ఆ సొరుగు జోలికి రాదు. ఒకసారి తెరిస్తే ఒక స్ప్రింగు ఎగిరొచ్చి ఆమె జడలో చిక్కుకుంది.

అసలు ఇదంతా ఆమె చేసిన పనే. ఆమె బడిలో లెక్కల టీచరు. బడి నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించిందట: యాభై దాటినవారు, రోజంతా కూర్చుని పనిచేసేవారు పన్నెండు వారాల పరిశోధనకు కావలెను. వెంటనే ఆమెకు ఇద్దరు గుర్తొచ్చారు. ముప్పై మూడేళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చుని గడియారాలు బాగుచేస్తున్న నేను. అదే బడికి బస్సు నడిపే ఆమె తమ్ముడు. ఇద్దరి పేర్లూ తనే రాసేసి వచ్చింది. పెళ్ళప్పుడైనా నన్ను ఒక్క మాట అడిగారు.

పొద్దున్నే ఏమీ తినకుండా రమ్మన్నారు. రక్తం తీశారు, రెండు ఉడికిన గుడ్లు పెట్టారు, కాసేపాగి మళ్ళీ రక్తం తీశారు. గుడ్డుకో సూది. పరిశోధన చేసే అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయేమో. వచ్చిన నలభై మందికీ తనే నవ్వుతూ చిన్న తెల్ల డబ్బాలు పంచింది. వారానికోసారి ఆ డబ్బాల్లో ఏం తెచ్చివ్వాలో ఇక్కడ రాయను. ఆమెకు డబ్బాలమ్మాయి అని పేరు పెట్టుకున్నాను.

“మన పేగుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయి అంకుల్” అంది. “మనం గుడ్లూ మాంసం లాంటివి తింటే, కొన్ని జీవులు వాటిలోంచి ఒక పదార్థం తయారుచేస్తాయి. అది కాలేయంలోకి వెళ్ళి టీఎంఏఓ అనే ఇంకోటి అవుతుంది. రక్తంలో అది ఎక్కువుంటే గుండెకి మంచిది కాదేమోనని అనుమానం. ఇంకొన్ని సూక్ష్మజీవులున్నాయి. అవి పీచు తిని, మేలు చేసే ఆమ్లాలు ఇస్తాయి. రోజూ నడిస్తే ఆ చెడ్డది తగ్గి ఈ మంచిది పెరుగుతుందా అన్నది మా ప్రశ్న.”

“నడిచేది కాళ్ళు కదమ్మా, పేగుల్లో ఉన్నవాళ్ళకి ఆ సంగతెవరు చెప్తారు?”

“అది కూడా ప్రశ్నే.”

“జవాబు తెలీదా?”

“తెలిస్తే మీకు డబ్బాలెందుకిస్తాను అంకుల్?”

పిల్ల గట్టిదే.

తర్వాత చీటీలు తీయించారు. సగం మంది నడవాలి, రోజుకు నలభై నిమిషాలు, వారానికి ఐదు రోజులు. మిగతా సగం మామూలుగా, అంటే ఇప్పటిదాకా ఎలా కూర్చున్నారో అలాగే కూర్చోవాలి. నడిచేవాళ్ళకీ నడవనివాళ్ళకీ తేడా చూడాలట. చివర్న అందర్నీ ఒక మిషను మీద పరుగెత్తించి చూస్తారట. మా బావమరిది కొత్త బూట్లు వేసుకుని, మెడలో తువ్వాలు వేసుకుని వచ్చాడు. వాడికి ‘మామూలుగా’ వచ్చింది. నాకు ‘నడక’ వచ్చింది.

వాడి మొహం చూడలేకపోయాను. నా మొహం కూడా ఎవరూ చూడకుండా ఉంటే బాగుండుననిపించింది.

మార్చి 8

రెండు రోజులు నడిచాను. వాళ్ళ పుస్తకంలో రాశాను. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. మొత్తం వీధి చివరిదాకా అని కాదు. దర్జీ కొట్టు దాకా.

నడక నా ఒంటికి పడదు. కొందరికి వంకాయ పడనట్టు.

మార్చి 9

ఇవాళ మధ్యాహ్నం బావమరిది షాపుకొచ్చాడు. పొద్దున పిల్లల్ని బడిలో దింపాక మళ్ళీ మూడింటిదాకా వాడికి పనుండదు.

“బావా, నాకు ఆకుపచ్చ బెల్టు రాలేదే” అన్నాడు చిన్నపిల్లాడిలా.

మా చేతులకు ఒక్కో వాచీ కట్టారు. వాచీ అనడానికి నాకు నోరు రాదు. ముళ్ళు లేవు, చక్రాలు లేవు, అడుగులు లెక్కపెడుతుంది. నడిచేవాళ్ళకు ఆకుపచ్చ బెల్టు, కూర్చునేవాళ్ళకు బూడిదరంగు బెల్టు.

“నువ్వు నడుచుకోరా, ఎవరొద్దన్నారు?” అన్నాను.

“వద్దనే చెప్పింది కదా ఆ అమ్మాయి. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టకూడదట. నేను నడిస్తే వాచీ పట్టేస్తుంది.”

“నేను నడవకపోతే నన్నూ పట్టేస్తుంది.”

ఇద్దరం కాసేపు గోడమీది గడియారాల వంక చూశాం. ఒకే ఆలోచన ఇద్దరికీ వచ్చిందని నేను అంటాను. “ముందు నీకే వచ్చింది బావా” అని వాడంటాడు.

కాలేజీలో వారం వారం అందరి వాచీలూ ఒక ట్రేలో వేసి కంప్యూటరుకు తగిలిస్తారు. కంప్యూటరుకు వాచీ నంబరు తెలుసు. బెల్టు రంగు తెలీదు.

రెండు బెల్టులూ విప్పి అటుది ఇటు, ఇటుది అటు వేశాను. నా ఆకుపచ్చ బెల్టులో వాడి వాచీ, వాడి బూడిద బెల్టులో నా వాచీ. నాలుగు పిన్నులు. ఈ వృత్తిలో ఇంత సులువైన పని నేనెప్పుడూ చెయ్యలేదు.

ఇక వాడు ఎంత నడిచినా అది నా ఖాతాలోకే. నేనెంత కూర్చున్నా వాడి ఖాతాలోకి. ఇద్దరికీ కావలసింది ఇద్దరికీ దొరికింది. ఇందులో తప్పేముంది?

మార్చి 15

పొద్దున ఆరింటికి బూట్లు వేసుకుని ఇంట్లోంచి బయల్దేరుతున్నాను. షాపుకొచ్చి, తలుపు లోపలనుంచి గడియ పెట్టుకుని, కుర్చీలో ఒక కునుకు తీస్తున్నాను. ఆరూ నలభైకి లేచి, కుళాయి కింద తల పెట్టి, చొక్కా వీపు తడుపుకుని ఇంటికి వెళ్తున్నాను.

ఇవాళ మా ఆవిడ చొక్కా అందుకుని వాసన చూసింది.

“ఇదేంటండీ, మీ చెమటకి వాసనే లేదు?”

“లోపల శుభ్రమవుతోంది” అన్నాను. “అదే కదా ఆ పరీక్ష.”

మార్చి 22

నడిచేవాళ్ళకు కాలేజీ వాళ్ళు వారం వారం ఒక కాగితం ఇస్తున్నారు. నా రోజువారీ సగటు తొమ్మిది వేల నాలుగు వందల అడుగులు. మా ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత గ్రాఫు కాగితం తెచ్చి, పైన నా పేరు రాసి, ఫ్రిజ్ తలుపుకు అంటించింది. వారానికో చుక్క. చుక్కలు కలుపుతూ ఎర్ర గీత.

“ఎంత బాగా పైకి వెళ్తోందో చూడండి” అంది.

చూశాను. నిజంగానే బాగుంది. ఒక్క క్షణం నాకే గర్వంగా అనిపించింది.

ఏప్రిల్ 3

టౌన్ హాలు గడియారానికి వారం వారం కీ ఇచ్చేది నేనే. నాన్న తర్వాత నేను. ఎనభై నాలుగు మెట్లు. ఇవాళ ముప్పయ్యో మెట్టు దగ్గర ఆగాల్సి వచ్చింది. అక్కడ దుమ్ము ఎక్కువ. పావురాలు. ఆ గాలి పీలిస్తే ఎవరికైనా ఛాతీ పట్టేస్తుంది.

వచ్చేవారం నుంచి బావమరిదిని పంపిస్తాను. వాడికి మెట్లంటే ఇష్టం.

ఏప్రిల్ 10

పంపించాను. రెండు మెట్లకొక అడుగు వేస్తూ ఎక్కాడట. పావురాల సంగతి అడిగాను. “ఏ పావురాలు?” అన్నాడు.

ఏప్రిల్ 17

ఆరు వారాలయ్యాయి. మళ్ళీ రక్తం, మళ్ళీ గుడ్లు, మళ్ళీ రక్తం.

సూది గుచ్చుతుండగా తట్టింది. వాచీ మార్చుకోగలిగాం, రక్తం మార్చుకోలేం కదా. డబ్బా కూడా ఎవరిది వాళ్ళదే. నా కాళ్ళు బావమరిదివి, నా కడుపు నాదే.

బావమరిదితో అన్నాను. వాడు నడుం బెల్టు ఒక రంధ్రం లోపలికి బిగించుకుంటూ, “ఏం తేలుతుందిలే బావా, కడుపులో ఉన్నవి మాట్లాడతాయా ఏంటి” అన్నాడు.

వాడి ప్యాంటు వదులైంది. నా ప్యాంటు సంగతి ఇక్కడ అనవసరం.

ఏప్రిల్ 18

నాకు యాభై ఏడు. నాన్నకు యాభై ఎనిమిది నిండలేదు. ఇదే కుర్చీ. గోడగడియారం ఒకటి విప్పి బల్లమీద పెట్టి, టీ తెమ్మని నన్ను పంపించాడు. నేను తిరిగొచ్చేసరికి కళ్ళు మూసుకుని ఉంటే, నిద్రపోతున్నాడనుకుని టీ మీద మూత పెట్టాను.

ఇది ఎందుకు రాశానో తెలీదు. రక్తం తీసిన మర్నాడు మనిషికి నీరసంగా ఉంటుంది.

ఏప్రిల్ 29

డబ్బాలమ్మాయి షాపుకొచ్చింది.

సాయంత్రం నాలుగైంది. నేను కంటికి భూతద్దం పెట్టుకుని ఒక ఆడవాళ్ళ వాచీలో మునిగి ఉన్నాను. తలెత్తితే బల్లకు అవతల ఆమె. ముందు చొక్కా చేతులు కిందికి లాక్కున్నాను, వాచీ కనిపించకుండా.

“అంకుల్, మీ సహాయం కావాలి” అంది. ఎప్పుడూ నవ్వే పిల్ల నవ్వలేదు. స్టూలు చూపిస్తే కూర్చుంది.

“ఇది మీకు చెప్పకూడదేమో. మీ నంబరు దగ్గర నా లెక్క తప్పుతోంది. మీరు రోజుకి పది వేల అడుగులు నడుస్తున్నారు. నలభై మందిలో మీరే ఎక్కువ. కానీ మీ రక్తంలో ఆ చెడ్డ పదార్థం తగ్గలేదు సరికదా పెరిగింది. డబ్బాలో చూస్తే మంచి ఆమ్లాలు చేసే జీవుల్లోనూ పెరుగుదల లేదు. ఇంకోపక్క, కదలకుండా కూర్చునే గుంపులో ఒకాయన ఉన్నారు. ఎవరో చెప్పను. ఆయనకి సగానికి తగ్గిపోయింది!”

ఎవరో నాకు తెలుసు.

“ఒకరిద్దరికి తేడా వస్తుంది కదమ్మా” అన్నాను.

“వస్తుంది. కానీ ఇంత రాదు. మా ప్రొఫెసర్ గారు నా చేతిపని మీదే అనుమానపడుతున్నారు. శాంపిళ్ళు తారుమారు చేశావా అన్నారు. వారం నుంచి అన్నీ మళ్ళీ చేశాను. ఎనభై గొట్టాలు. మళ్ళీ అదే వచ్చింది.” నా చేతి వైపు చూసింది. “ఇక మిగిలింది వాచీలే. వాచీలు తప్పు లెక్క చూపిస్తున్నాయేమో. మీరు గడియారాలు తెలిసినవాళ్ళు. మీ చేతికున్నదాన్ని పరీక్ష చేసి, లోపం ఉందని ఒక్క ముక్క రాసిస్తే, మా ప్రొఫెసర్ నమ్ముతారు. అప్పుడు అందరి అడుగుల లెక్కా పక్కన పెట్టేస్తాను.”

“అందరిదీ?”

“అందరిదీ. ఒకటి నమ్మలేకపోతే మిగతావి ఎలా నమ్ముతాం?”

ఇరవై మంది నడక. ఎండలో నడిచినవాళ్ళు, మోకాళ్ళు నొప్పెడుతున్నా నడిచినవాళ్ళు. మా గుంపులో కుట్టుపని చేసే ఒక పెద్దావిడ ఉంది, చేతికర్రతో నడుస్తోంది.

“చూడాలమ్మా” అన్నాను. “ఈ రకం వాచీలు ఒక్కోసారి మోసం చేస్తాయి.”

ఆ మాట అన్నది నేనే.

ఆమె మొహంలోకి కాస్త వెలుగొచ్చింది. రెండు రోజుల్లో వస్తానని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, “మీరు ఉండబట్టి సరిపోయింది అంకుల్” అంది.

ఏప్రిల్ 30

ముప్పై మూడేళ్ళలో నేను బాగున్న గడియారాన్ని బాగాలేదని చెప్పలేదు. ఒక్కసారి కూడా. పక్క వీధి షాపతను చెప్తాడు. నేను చెప్పలేదు.

అయినా ఇది గడియారం కాదు కదా.

మే 1

పరీక్ష చెయ్యకుండా రాయకూడదు. అది మన వృత్తికి మర్యాద కాదు. ఒకవేళ నిజంగానే లోపం ఉందేమో? ఉంటే రాసివ్వొచ్చు. ఉండాలని గట్టిగా కోరుకున్నాను.

అడుగుల వాచీని పరీక్షించడానికి ఒకటే మార్గం. నడవాలి. మనం లెక్కపెట్టుకుంటూ నడిచి, వాచీ లెక్కతో సరిచూడాలి. ఐదు వందల అడుగులు చాలనుకున్నాను.

పదకొండింటికి షాపు తలుపు దగ్గరికి వేశాను. వాచీలో అప్పటికి రెండు వందల నాలుగు ఉంది. పొద్దున్నుంచి నేను వేసిన అడుగులన్నీ అవే. పైకే లెక్కపెడుతూ బయల్దేరాను. దర్జీ చూసి నవ్వాడు. వంద దగ్గర బాగానే ఉన్నాను. నూట యాభై దగ్గర లెక్క మనసులో పెట్టుకోవడం మొదలుపెట్టాను, మాట రావడం లేదు. రెండు వందల యాభై దగ్గర ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి తోస్తున్నట్టుంది. ఇక్కడ పావురాలు లేవు. దుమ్ము లేదు. పొద్దున వాన పడి వీధి కడిగినట్టుంది.

మూడు వందల పన్నెండు దగ్గర దీపస్తంభం పట్టుకుని నిలబడిపోయాను. ఎడమ చెయ్యి దవడ దాకా లాగుతోంది. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. నేను, రోజంతా టైము మధ్యే బతికేవాణ్ణి, ఎంతసేపో తెలీదు.

తగ్గాక చొక్కా చెయ్యి పైకి లాగి చూశాను. ఐదు వందల పదహారు. అందులోంచి రెండు వందల నాలుగు తీసేస్తే మూడు వందల పన్నెండు.

వాచీ సరిగ్గా ఉంది. ఒక్క అడుగు కూడా అటూ ఇటూ లేదు.

మే 1, తర్వాత

వెనక్కి రావడానికి అరగంట పట్టింది. బావమరిదికి ఫోన్ చేశాను. బస్సు వేసుకుని వచ్చేశాడు.

“చెప్పేద్దాం రా” అన్నాను.

“ఏం చెప్తాం బావా? ఇంకో నాలుగు వారాలే కదా. చివర్న వాళ్ళు పెట్టే మిషను మీద పరుగు పరీక్ష సంగతంటావా, నీకు వారం ముందునుంచి నేను ట్రైనింగ్ ఇస్తాను. నువ్వు చెప్పేస్తే మరి నా చెమటంతా ఏమవాలి? ఎనిమిది వారాలు నడిచాను. వానలో కూడా నడిచాను.”

“ఇవాళ మూడు వందల పన్నెండు అడుగులు నడిచాను” అన్నాను. “నడవలేకపోయాను.” ఎడమ చెయ్యి ఎక్కడినుంచి ఎక్కడిదాకా లాగిందో చూపించాను.

వాడు నా చెయ్యి చూశాడు. కుర్చీ చూశాడు. వాడికి కూడా నాన్న సంగతి తెలుసు.

“లే బావా” అన్నాడు. అంతే. షాపు తాళం కూడా వాడే వేశాడు.

ఖాళీ బడి బస్సులో మెడికల్ కాలేజీకి వెళ్ళాం. సీట్లు పిల్లల కోసం చేసినవి, నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ముందు సీటు వెనకాల ఎవరో పెన్నుతో పిల్లి బొమ్మ గీశారు. దారంతా ఆ పిల్లిని చూస్తూ కూర్చున్నాను. వాడు ఎప్పుడూ హారన్ కొట్టని మనిషి, ఇవాళ ఆపకుండా కొట్టాడు.

డబ్బాలమ్మాయి నన్ను చూసి లేచి నిలబడింది. “అంకుల్, రాసి తెచ్చారా?”

“రాయలేదమ్మా. వాచీలో లోపం లేదు. లోపం మాలో ఉంది.”

నిలబడే చెప్పాను. బెల్టులు, పిన్నులు, కుళాయి నీళ్ళు, ఇవాళ్టి నొప్పి, అన్నీ. బావమరిది తల వంచుకుని బూట్ల వంక చూస్తున్నాడు. అరిగిపోయిన బూట్లు. ఆమె చేతిలోని పెన్ను కింద పెట్టింది. నేను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

“నెప్పి ఎన్నాళ్ళ నుంచి వస్తోంది సర్?” అంది.

ఇన్నాళ్ళూ అంకుల్ అన్న పిల్ల సర్ అంది.

“ఇవాళే” అన్నాను. ఆమె నా వంక చూస్తూనే ఉంది. “నెల నుంచి” అన్నాను. ఇంకా చూస్తూనే ఉంది. “చలికాలం నుంచి.”

చక్రాల కుర్చీ తెప్పించి, కింద గుండె విభాగానికి తనే తోసుకుంటూ తీసుకెళ్ళింది.

మే 3

ఆసుపత్రి. ఈ పుస్తకం బావమరిది చేత తెప్పించుకున్నాను. ఒక నాళం ఎనభై శాతం పూడుకుపోయిందట. మణికట్టు దగ్గర చిన్న రంధ్రం చేసి, అక్కడినుంచి గుండె దాకా తీగ పంపించి, పూడిక దగ్గర స్ప్రింగు లాంటిది పెట్టారు. నేను మెలకువగానే ఉన్నాను. తెర మీద చూశాను. ముప్పై మూడేళ్ళు ఇలాంటి పనే చేశానుగానీ, ఇంత నాజూకుగా చెయ్యలేదు. తీగ మందం ఎంతని అడిగాను. గుండె డాక్టరు, “మాట్లాడకండి” అన్నాడు. అయిపోయాక తనే వచ్చి మందం చెప్పాడు. వృత్తి తెలిసినవాడు.

“ఆ పరుగు మిషను ఎక్కుంటే?” అని బావమరిది అడిగాడట ఆయన్ని. ఆయన ఏమన్నాడో వాడు నాకు చెప్పడం లేదు.

మే 4

మా ఆవిడకు తమ్ముడే మొత్తం చెప్పాడు. ఆమె వచ్చి మంచం పక్కన కూర్చుంది. తిట్టలేదు. ఎవరూ తిట్టడం లేదు.

“ఏమన్నా అనవే” అన్నాను.

“ఏమనను? ఎనిమిది వారాలు మీరు లేచి వెళ్ళాక నేను మళ్ళీ దుప్పటి కప్పుకుని హాయిగా పడుకున్నాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో అంత హాయిగా ఎప్పుడూ పడుకోలేదు. మీకు మామయ్యగారిలా కాదులే, నడుస్తున్నారు కదా, అనుకుని.”

ఆమెకు ఆ భయం ఉందని నాకు తెలీదు. నా ఒక్కడికే ఉందనుకున్నాను. అసలు నాకే లేదనుకున్నాను.

మే 5

ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

మే 9

ఇంటికొచ్చాను. ఫ్రిజ్ మీది గ్రాఫు తీసెయ్యలేదు. నా పేరు కొట్టేసి, కింద తమ్ముడి పేరు రాసింది. లెక్కల టీచరు కదా, చుక్కలు సరైనవే, పేరే తప్పు, అంది.

మే 21

డబ్బాలమ్మాయి ఇంటికొచ్చింది. సంతకం పెట్టించుకోవడానికి. మమ్మల్నిద్దర్నీ పరిశోధనలోంచి తీసేస్తున్నట్టు కాగితం. బావమరిదిని కూడా పిలిపించాను.

మా ఆవిడ టీ ఇచ్చింది. ఆ అమ్మాయి కప్పు చేత్తో పట్టుకుని, తాగకుండా, అప్పుడు కోప్పడింది. గొంతు పెంచలేదు.

“నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది సర్. ఒక్కో శాంపిల్ నంబరు మూడేసిసార్లు సరిచూసుకునేదాన్ని. మా ప్రొఫెసర్ గారు నిన్ను ఇంకో పనిలో వేస్తానన్నారు. నేను సరిగ్గానే చేస్తున్నానని మీ ఇద్దరికీ తెలుసు. మీ ఇద్దరికి మాత్రమే తెలుసు.”

బావమరిది ముక్కు ఎగబీల్చాడు. వాడు అసలు ఏడ్చే రకం కాదు.

“ప్రొఫెసర్ గారి దగ్గరికి నేనొస్తానమ్మా” అన్నాను. “నీ చేతులు బాగున్నాయని రాసిస్తాను. అది నిజంగా రాసివ్వగలను. నా కడుపులో ఉన్నదీ వీడి కడుపులో ఉన్నదీ ఉన్నదున్నట్టు పట్టుకున్నావు. మేమిద్దరం అబద్ధమాడుతుంటే నీ గొట్టాలు నిజం చెప్పాయి. అంతకంటే పరీక్ష ఏం కావాలి?”

ఆమె టీ తాగింది.

“మేడమ్” అన్నాడు బావమరిది, “నా గుండెకి మరి మంచి జరిగినట్టేనా? సగానికి తగ్గిందన్నారట.”

“తగ్గింది. నడక వల్లే తగ్గిందని నేను చెప్పను. బావగారి నాళం ఆ పదార్థం వల్లే పూడిందనీ చెప్పను. ఒక్కరినీ ఇద్దరినీ చూసి చెప్పకూడదు. అందుకే నలభై మందిని పెట్టుకున్నాను.” కప్పు కింద పెట్టింది. “మీరిద్దరూ మీ చోట మీరుంటే, చెప్పడానికి ఇంకాస్త ఆధారం ఉండేది.”

“అంటే నా చెమట సైన్సులోకి రాదా?”

“రాదు.”

వాడు నడుం బెల్టు సర్దుకున్నాడు. “పోనీలెండి. నా ఒంట్లో ఉంది కదా” అన్నాడు.

అప్పుడు నవ్వింది ఆ పిల్ల. నవ్వకూడదనుకుంటూనే నవ్వింది.

మే 23

ప్రొఫెసర్ గారి గదికి వెళ్ళి మొత్తం చెప్పి, రాసిచ్చాను. ఆయన కళ్ళద్దాలు తీసి, “మీకు బుద్ధుందా?” అన్నాడు. హమ్మయ్య అనిపించింది. ఒకరు తిట్టారు.

జూన్ 14

డబ్బాలమ్మాయి ఫోన్. పన్నెండు వారాలూ పూర్తయ్యాయట. ముప్పై ఎనిమిది మందితో లెక్క తేల్చింది. నడిచినవాళ్ళలో చెడ్డది కొంచెం తగ్గిందట, కొంచెమే, ఇంకా చాలామందిని చూస్తేగానీ గట్టిగా అనలేమట. అయినా గొంతులో సంతోషం ఆగడం లేదు. చేతికర్ర పెద్దావిడ ఒక్కరోజు కూడా మానలేదని చెప్పింది. తను రాసే వ్యాసంలో, నియమాలు పాటించనందున ఇద్దరిని తొలగించామని ఒక వాక్యం ఉంటుందట.

బావమరిదికి చెప్తే, “ఆ ఇద్దరం మనమే కదా బావా!” అని మురిసిపోయాడు.

పెట్టేసేముందు, “మందులు వేసుకుంటున్నారా అంకుల్?” అంది.

జూన్ 20

డాక్టరు నడవమన్నాడు. మొదట పది నిమిషాలు, నెమ్మదిగా. ఒంటరిగా వద్దన్నాడు.

పొద్దున మా ఆవిడా నేనూ బయల్దేరాం. ఆమె వేగం మనిషి. బడిలో గంట కొడితే పిల్లలకంటే ముందు క్లాసులో ఉంటుంది. ఇవాళ నా పక్కనే, నా అడుగులో అడుగేసింది. ఏవో బడి కబుర్లు చెబుతూ వచ్చింది. నేను ఊ కొడుతూ వచ్చాను. కొంతదూరం పోయాక ఊ కొట్టడం కష్టమైంది. నొప్పి కాదు, ఊపిరే. కాస్త ఆగుదామని అడగాలి. అడగడానికి నోరు రావడం లేదు.

ఆమె మాట మధ్యలో ఆపి, రోడ్డు పక్కనున్న ఒక షాపు అద్దం ముందు నిలబడింది. ఇంకా తెరవలేదు. నీళ్ళ పైపులమ్మే షాపు. లోపలంతా గోడకు నిలబెట్టిన పైపులు, వంపులు, కుళాయిలు. చేతులు కట్టుకుని, తల ఒకపక్కకు వంచి, వాటిని ఒక్కొక్కటిగా చూస్తోంది. చీర కొనడానికి వెళ్ళినప్పుడు కూడా ఇంత శ్రద్ధగా చూడదు. మా ఇంట్లో పైపులన్నీ బాగానే ఉన్నాయి.

నేను పక్కన నిలబడి అద్దానికి చెయ్యి ఆనించాను. ఊపిరి మెల్లగా సర్దుకుంది. ఆమె నా వైపు తిరగలేదు. అద్దంలో మాత్రం నా మొహం ఆమెకు కనిపిస్తూనే ఉందని కాసేపటికి తెలిసింది.

“నచ్చలేదు” అంది. “పదండి.”